బెయిలొచ్చినా బయటికెందుకు రాలే?

మన దేశంల జైళ్లల్ల ప్రతి నలుగురిల ముగ్గురి మీద నేరం ఇంక రుజువే కాలేదు. 2022 చివరి సర్కారు లెక్కల ప్రకారం గిసొంటోళ్లు 4 లక్షల 34 వేల మంది. అందుల దళితులు, ఆదివాసులు, బీసీలు కలిస్తె మూడింట రెండొంతులు.

బెయిలు దొరకనోళ్ల గురించి చానమంది రాస్తరు. నేను చెప్పేది బెయిలు దొరికినంక కూడ లోపలనే ఉన్నోళ్ల ముచ్చట. జడ్జి సంతకం పెడ్తడు, కని ఇద్దరు జమానతుదారులను తెమ్మంటడు. వాళ్లు ఇంటి పన్ను రసీదో, పట్టా పాసుబుక్కో, నౌకరి జీతం చిట్టీయో చూపెట్టాలె. కౌలుకు చేసుకునేటోనికి పాసుబుక్కెక్కడిది? పట్నంల వలస కూలీకి ఎవరు నిలబడ్తరు? (పైసలు తీసుకొని నిలబడే దొంగ జమానతుదారులు కోర్టుల కాడ ఉండనే ఉంటరు. అదో దందా.)

గిది ఇయ్యాల పుట్టిన రోగం కాదు. మధ్యప్రదేశ్‌ల మోతీరాం అనే మేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిస్తె, కింది మేజిస్ట్రేటు 10 వేల జమానతు అడిగిండు. తోడబుట్టినోడు వస్తె, నీ ఆస్తి వేరే జిల్లాల ఉన్నది, చెల్లదన్నడు. 1978ల జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నడు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ల చెప్పాల్సి వచ్చింది. బెయిలొచ్చి ఏడు దినాలైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలె. నెలల జమానతు కట్టలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టు తనంతట తనే చూడొచ్చు. అదే ఏడు కేంద్రం పేద ఖైదీలకు 40 వేల దాకా కట్టే పథకం తెచ్చింది. కాయితం మీద అన్నీ ఉన్నయి. ఆ కాయితాన్ని జైలు నుంచి కోర్టుకు, కోర్టు నుంచి ఇంటికి మోసే మనిషే లేడు.

ముంబైల టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1990ల మొదలువెట్టిన ప్రయాస్ చేసేది గా మోసుడు పనే. వాళ్ల సోషల్ వర్కర్లు జైల్లకు పోతరు, ఖైదీతోని మాట్లాడ్తరు, ఇంటోళ్లను ఎతుకుతరు, వకీలుకు కలుపుతరు, జమానతు బదులు నగదు పూచీ తీసుకోమని అడిగిపిస్తరు. పెద్ద లా పాయింటేం లేదు, కాళ్లరిగే తిరుగుడే. హోటళ్లల్ల సదస్సులు పెట్టి రిపోర్టులు అచ్చేసే ఎన్జీవోలకన్న గిది వంద రెట్లు నయమంట నేను.

కని గిసొంటి పనికి గ్యారంటీ లేదు. బస్తర్‌ల 2013 నుంచి ఆదివాసుల కేసులు పట్టుకున్న జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూపు ఆడ వకీళ్లను 2016ల ఊరు విడిచిపోయేటట్టు చేసిండ్రు. మన ములుగు, భద్రాద్రి అడవులల్ల ఉండే గుత్తికోయలు గా బస్తర్ దిక్కు నుంచి వచ్చినోళ్లే. సంస్థను ఎల్లగొడితే ఖైదీకి దిక్కు పోవద్దు. అందుకే ఈ పని సర్కారు జీతమిచ్చి చేపియ్యాలె, దానం మీద ఇడిసిపెట్టొద్దు.

గా దినం వచ్చేదాక మనం ఊకుంటమా? 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, పిల్లలకు, కస్టడీల ఉన్నోళ్లకు ఆదాయం ఎంతున్నా వకీలు ఫ్రీ. ఫోన్ నంబరు 15100. పది చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థల పారా లీగల్ వాలంటీరుగ చేరొచ్చు. మీ ఊరోళ్లెవరన్న లోపలుంటే, బెయిలు ఆర్డరు ఏ తారీఖున వచ్చిందో ముందుగాల అడుగుండ్రి. ఆ తారీఖు నుంచి ఏడు దినాలు లెక్కవెట్టుండ్రి.