స్వచ్ఛందం ఎవరికి? నిర్బంధం ఎవరికి?



మనం వడికే నూలుకు, నేసే గుడ్డకు, నడిపే యంత్రానికి కాగితం మీద రాసిపెట్టిన కొలతలున్నాయి. అంగుళానికి ఎన్ని పోగులుండాలి, నూలు ఎంత లాగితే తెగాలి, యంత్రంలో తిరిగే భాగానికి ఎలాంటి తొడుగు ఉండాలి అన్నవాటికి నంబర్లు వేసి పుస్తకాలు అచ్చువేశారు. వీటినే ప్రమాణాలంటారు. ఇవి స్వచ్ఛందమట! ఇష్టమున్నవాళ్ళు పాటిస్తారు, లేనివాళ్ళు మానుకుంటారు. ఈ 'స్వచ్ఛందం' అనే మాట చాటున జరుగుతున్నదేమిటో బీదర్ మిల్లు కార్మికులం మనం తేల్చుకోవాలి.

ప్రమాణం చట్టమయ్యే దారి

1947లో ఐ.ఎస్.ఐ. పుట్టింది. 1987లో అదే భారత ప్రమాణాల సంస్థ, అంటే బి.ఐ.ఎస్. అయింది. ఇప్పుడు నడుస్తున్నది 2016 నాటి చట్టం. ఢిల్లీ మాణక్ భవన్‌లో ఉన్న ఈ సంస్థ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కింద పనిచేస్తుంది. బట్టల పరిశ్రమకు వేరే విభాగమున్నది. కమిటీలు ముసాయిదా రాస్తాయి, అభిప్రాయాల కోసం బయటికి వదులుతాయి, తర్వాత నంబరు వేస్తాయి. కొన్నింటిని మనవాళ్ళు కొత్తగా రాయరు. అంతర్జాతీయ సంస్థ ఐ.ఎస్.ఓ. రాసిన దానినే తీసుకుని ఇండియా నంబరు తగిలిస్తారు.

ఇక్కడిదాకా అది స్వచ్ఛందమే. కాని ప్రభుత్వం తలచుకుంటే రెండు దారుల్లో నిర్బంధమవుతుంది. ఒకటి, టెండరులో ఆ నంబరు రాయడం. అలా రాస్తే ఆ ప్రకారం లేని సరుకును ప్రభుత్వం కొనదు. రెండోది, 2016 చట్టం 16వ సెక్షన్ కింద నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు వెయ్యడం. అప్పుడు ఆ మార్కు లేని సరుకును తయారుచెయ్యడం, అమ్మడం, దిగుమతి చెయ్యడం నేరమవుతుంది. ఎందుకోసం వెయ్యవచ్చునో ఆ సెక్షనే చెబుతున్నది. అక్రమ వ్యాపారాన్ని ఆపడం ఒక కారణమైతే, మనుషుల ఆరోగ్య రక్షణ ఇంకో కారణం. ఈ మాట గుర్తుంచుకోండి.

దారానికి తొందర, వేలికి వాయిదా

2023లో ఏం జరిగింది? విస్కోస్ నారకు, పాలియెస్టర్ నారకు, నూలుకు ఉత్తర్వులు అమలులోకి వచ్చాయి. విస్కోస్ ఉత్తర్వు జౌళి శాఖది, పాలియెస్టర్‌ది రసాయనాల శాఖది. బయటి నుంచి వచ్చే నాసిరకాన్ని ఆపడానికని చెప్పారు. దేశంలో విస్కోస్ నార తయారీ దాదాపు ఒకే పెద్ద కంపెనీ చేతిలో ఉన్నది. దిగుమతి తగ్గితే ధర చెప్పేదెవరు? ముడిసరుకు దొరకడంలేదని, ధర మోయలేకపోతున్నామని చిన్న స్పిన్నింగు మిల్లులు మొత్తుకున్నాయి. చివరికి 2025 నవంబరులో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నారు. వేసినప్పుడు పెద్ద ఉత్పత్తిదారుల మాట, తీసినప్పుడు నూలు, గుడ్డ వ్యాపారుల మాట చెల్లింది. రెండుసార్లూ షిఫ్టులు కోతపడి నష్టపోయేది మనం. అయినా మనల్ని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు యంత్రాల సంగతి చూడండి. 2024 ఆగస్టులో భారీ పరిశ్రమల శాఖ యంత్రాల భద్రతపై ఉత్తర్వు వేసింది. ఆ జాబితాలో మరమగ్గాలూ ఉన్నాయి, ఎంబ్రాయిడరీ యంత్రాలూ ఉన్నాయి. దానికి మూలం ఐ.ఎస్. 16819. ఇది ఐ.ఎస్.ఓ. 12100ను ఉన్నదున్నట్టు తీసుకున్న ప్రమాణం. యంత్రం తయారయ్యేటప్పుడే ప్రమాదం ఎక్కడున్నదో వెతికి తొలగించాలన్నది దాని సారం. 2025 ఆగస్టు 28 నుంచి అమలు అన్నారు. ఆ తేదీ రాకముందే 2026 సెప్టెంబరు 1కి జరిపారు. ఎవరి కోసం జరిపారు? గడువు చాలదన్న పరిశ్రమ వర్గాల కోసం! పళ్ళచక్రాల మధ్య పడ్డ వేలికి ఎవరైనా గడువిస్తారా? మా సభ్యులలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తొడుగు ఉంటే శుభ్రం చెయ్యడానికి ఆలస్యమవుతుందని తీసి మూలన పడేయించిన షెడ్డులను మేము కళ్ళారా చూశాం.

దుమ్ముకు కొలత ఎవరు వేస్తారు?

బ్లోరూంలో, కార్డింగులో పనిచేసేవాళ్ళకు వారపు సెలవు తర్వాత డ్యూటీకి వెళ్ళిన మొదటిరోజున ఛాతీ పట్టేసినట్టుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది అన్ని రోజులకూ పాకుతుంది. దీని పేరు బిస్సినోసిస్. దూది దుమ్ము తెచ్చే జబ్బు ఇది. మన దేశ చట్టం దీనిని తప్పక నివేదించవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో పెట్టింది. కాని జాబితాలో పేరుంటే ఊపిరి రాదు, కొలత కావాలి, కొలిచేవాడు కావాలి.

అమెరికాలో ఈ కొలత ఎలా మారిందో వినండి. 1971లో అక్కడి కార్మిక శాఖ ఒక ప్రైవేటు నిపుణుల సంఘం 1968లో వేసిన అంకెనే తీసుకుని, ఘనపు మీటరు గాలికి 1 మిల్లీగ్రాము దుమ్ము అని నిర్ణయించింది. కార్మిక సంఘాలు ఒప్పుకోలేదు, పోరాడాయి. 1978లో కొత్త ప్రమాణం వచ్చింది. నూలు తయారీలో ఊపిరితో లోపలికి పోయే సన్నదుమ్ము 0.2 మిల్లీగ్రాము దాటరాదన్నారు. యజమానులు ఖర్చు ఎక్కువని సుప్రీంకోర్టుకు ఎక్కారు. 1981లో ఓడిపోయారు. నిపుణుడు రాసిన అంకె దేవుడి రాత కాదు, కార్మికులు కదిలితే మారుతుంది!

మన దగ్గర దారి ఎటు పోతున్నది? 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ కదిలే యంత్రభాగాలకు కంచె ఉండాలన్నది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమలులోకి వచ్చింది. కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్న నిర్వచనాన్ని 20 మందికి పెంచారు. పదిహేనుమంది పనిచేసే మరమగ్గాల షెడ్డు నిన్నటిదాకా ఫ్యాక్టరీ, నేడు కాదు. మగ్గం అదే, దుమ్ము అదే, మనిషి అతనే!

హుబ్బళ్ళి చెప్పిన పాఠం

మన రాష్ట్రంలోనే ఇంకొక ఉదాహరణ ఉన్నది. దేశంలో ఒకటో నంబరు ప్రమాణం, ఐ.ఎస్. 1, జాతీయ జెండాది. పోగులు, రంగులు, సైజులు అన్నీ అందులో రాసి ఉన్నాయి. హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం బి.ఐ.ఎస్. మార్కుతో ఆ జెండాలు తయారుచేస్తున్నది. నేసేవాళ్ళు, కుట్టేవాళ్ళు అందులో ఎక్కువగా ఆడవాళ్ళు. 2021 డిసెంబరు 30న కేంద్ర హోంశాఖ జెండా నియమావళిని సవరించి, మిషను మీద చేసిన పాలియెస్టర్ జెండాలకూ అనుమతి ఇచ్చింది. 2022లో బెంగేరి కార్మికులు రోడ్డెక్కారు. ప్రమాణం ఒక శాఖది, సవరణ ఇంకొక శాఖది. కూడు పోయేది మాత్రం నేతగాళ్ళది. ప్రభుత్వ శాఖల మధ్య సమన్వయమంటే ఇదేనా?

మన భాషలో లేని మన భద్రత

1956లో హైదరాబాద్ రాష్ట్రం ముక్కలైనప్పుడు బీదర్ మైసూరుకు పోయింది. మనం ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ఉర్దూ మాట్లాడుతాం. మన వేళ్ళను కాపాడవలసిన పుస్తకం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఏళ్ళ తరబడి దానిని డబ్బు పెట్టి కొనవలసి వచ్చేది. 2015లో కార్ల్ మలముద్, శ్రీనివాస్ కొడాలి, సుశాంత్ సిన్హా దీనిపై ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. తర్వాతి కాలంలో బి.ఐ.ఎస్. దేశీయ ప్రమాణాలను ఉచితంగా తీసుకునే వీలు కల్పించింది. మంచిదే. కాని చదివి అర్థం చేసుకోలేని కాగితం ఉచితమైతే మాత్రం మనకేం లాభం?

భద్రత ఖర్చుతో కూడినదని, చిన్న యూనిట్లు తట్టుకోలేవని యజమానులంటారు. 1999 నుంచి టఫ్స్ పథకం కింద యంత్రాలు కొనడానికి ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్నప్పుడు ఈ బాధ లేదే! మన పన్నుల డబ్బుతో యంత్రం కొనవచ్చునట, దానికి తొడుగు మాత్రం బరువట! చిన్న యూనిటుకు నిజంగా స్తోమతు లేకపోతే తొడుగుకూ, దుమ్ము లాగే గొట్టానికీ సబ్సిడీ అడగండి. మేమూ మీతో కలిసి అడుగుతాం. కాని ఖర్చు పేరు చెప్పి మా వేళ్ళను, ఊపిరితిత్తులను జమకట్టుకోవద్దు.

మా డిమాండ్లు:

1. యంత్ర భద్రత ఉత్తర్వును ఇక వాయిదా వెయ్యకుండా అమలు చెయ్యాలి. పాత మగ్గాలకు తొడుగులు వెయ్యడానికి ప్రభుత్వం సాయం చెయ్యాలి.

2. దూది దుమ్ముకు, చప్పుడుకు కచ్చితమైన హద్దు ప్రకటించి, కొలిచిన అంకెను ప్రతి నెలా మిల్లు గేటు దగ్గర అంటించాలి.

3. బి.ఐ.ఎస్. జౌళి, యంత్రాల కమిటీలలోనూ, రాష్ట్ర వృత్తి భద్రతా సలహా మండలిలోనూ మిల్లు కార్మికులకు స్థానం ఇవ్వాలి.

4. భద్రతకు సంబంధించిన ప్రమాణాలను తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలలో అచ్చువేసి ఉచితంగా పంచాలి.

5. ప్రభుత్వం గుడ్డ కొనే ప్రతి టెండరులో పోగుల లెక్కతోపాటు కార్మికుల భద్రతా షరతులు కూడా రాయాలి.

సోదరులారా! ఈ వ్యాసాన్ని చదవడం రాని సహ కార్మికులకు చదివి వినిపించండి. మీ డిపార్టుమెంటులో తొడుగులేని యంత్రాలెన్ని ఉన్నాయో, వారం మొదటిరోజున ఛాతీ పట్టేసేవాళ్ళెందరున్నారో రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. ఆ లెక్కతోనే అధికారుల ముందుకు వెళదాం. ప్రభుత్వం నూలును కొలవగలిగినప్పుడు నూలు వడికేవాడి ఊపిరిని కూడా కొలవగలదు. కొలిపించే బాధ్యత మనది.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!