ముట్టుకోనివ్వని వీడియో

ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే ఆఫీసుల్లో ఒక చిట్కా చేతులు మారుతూ ఉంటుంది. వీడియో మీద ఎక్కడ క్లిక్ చేసినా అది ఆగిపోతోందా? దానిమీద కంటికి కనపడని ట్రాన్స్‌పరెంట్ షేప్ ఒకటి పరిచెయ్యండి. ఇక ఎంత నొక్కినా ఆ క్లిక్ పై పొరలోనే చస్తుంది, వీడియో దాకా పోదు. సీక్ బార్ కూడా పీకేసి, వీడియో అయ్యేదాకా నెక్స్ట్ బటన్‌కి బూడిదరంగు పూస్తే పని పూర్తి. క్లయింట్ అడుగుతాడు, మనం చేస్తాం. నేనూ చాలా ఏళ్ళు చేశాను. ‘వదిలేస్తే చూడకుండా దాటేస్తారండీ’ అన్న మాటకు మా మీటింగుల్లో ఎదురు చెప్పినవాడు లేడు. ఆలస్యంగానైనా నేను చెబుతున్నాను.

మా వదిన నర్సు. వాళ్ళ ఆసుపత్రిలో ఏటా చేతుల శుభ్రత కోర్సు చెయ్యాలి. పోయినేడు నైట్ డ్యూటీలో, వార్డు కంప్యూటర్ ముందు కూర్చుని మొదలుపెట్టింది. ఆ కోర్సు నేను చేసింది కాదు గానీ అచ్చు మాత్రం మాదే. అరచేతులు అయ్యాయి, వేళ్ళ సందులు అయ్యాయి, బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి నాలుగో బెడ్ బెల్లు మోగింది. ఆపబోయింది, ఆగలేదు. మళ్ళీ నొక్కింది. వీడియోలో చేతులు తమ మానాన తాము తోముకుంటూనే ఉన్నాయి. వదిలేసి పరిగెత్తింది. సెలైన్ బాటిల్ మార్చి వచ్చేసరికి వీడియో అయిపోయి నెక్స్ట్ బటన్ వెలుగుతోంది. వెనక్కి తిప్పుదామంటే బార్ లేదు. ఆసుపత్రి రికార్డులో మాత్రం ఆమె ఆ వీడియో ఆసాంతం చూసింది.

దొంగ కోసం వేసిన తాళం కదా ఇది, మరి దొంగ ఏమయ్యాడు? వాడికేం, సౌండ్ తీసేసి పక్క ట్యాబ్‌లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు. వీడియో దానంతటదే నడిచి, దానంతటదే ముగుస్తుంది. వాడికి ఆపే పనీ లేదు, వెనక్కి తిప్పే పనీ లేదు. ఆ రెండూ కావలసింది శ్రద్ధగా చూస్తున్నవాళ్ళకే.

ఇది నా ఉక్రోషం కొద్దీ అంటున్న మాట కాదు. నావికులు వేసే తాళ్ళ ముడుల మీద ష్వాన్, రీంప్ అనే పరిశోధకులు 2004లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి వీడియో ఏకధాటిగా వేశారు. మరికొందరికి ఆపుకునే, వెనక్కి తిప్పుకునే, నెమ్మది చేసుకునే వీలిచ్చారు. ఈ రెండోవాళ్ళకు ముడి వెయ్యడం చాలా తక్కువ సమయంలో పట్టుబడింది. తాడు మెలిక తిరిగే చోట ఆగారు, తేలిగ్గా ఉన్నచోట ముందుకు పోయారు. అంతకు మూడేళ్ళ ముందు, అంటే 2001లో, మేయర్, చాండ్లర్ అనే మరో ఇద్దరు పిడుగు ఎలా పుడుతుందో చెప్పే చిన్న యానిమేషన్‌ను 16 ముక్కలు చేశారు. నొక్కితేనే తర్వాతి ముక్క. ఇలా చూసినవాళ్ళు, విన్నదాన్ని కొత్త చిక్కులకు అన్వయించడంలో ఏకబిగిన చూసినవాళ్ళను మించారు. మేము మాత్రం ఇరవై ఏళ్ళుగా, ‘నొక్కనివ్వకపోతే నేర్చుకుంటారు’ అనుకుంటూ పొరలు పరుస్తున్నాం.

‘చట్టం అడుగుతుందండీ, ఆడిట్ ఉంటుందండీ’ అంటారు. సరే, గంటలు లెక్కపెట్టే చట్టాన్నే చూద్దాం. కాలిఫోర్నియాలో లైంగిక వేధింపుల నివారణ శిక్షణ రెండేళ్ళకోసారి ఇవ్వాలి. సూపర్‌వైజర్లకు రెండు గంటలు, మిగతా ఉద్యోగులకు గంట. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్లో చాలామందికి ఇది తెలిసిన తతంగమే. ఆ చట్టమే, మొత్తం సమయం సరిపోతే చాలు, శిక్షణను చిన్న చిన్న ముక్కలుగా పూర్తి చెయ్యొచ్చని చెబుతుంది. కూర్చున్నవాణ్ణి లేవనివ్వకూడదన్న నిబంధన చట్టానిది కాదు, క్లయింట్‌ది.

నియమాల గొడవే అయితే మేము తప్పిన నియమం ఇంకోటుంది. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం, తనంతట తాను మొదలై మూడు సెకన్లకు మించి వినిపించే శబ్దాన్ని ఆపుకునే వీలో, దాని సౌండ్ తగ్గించుకునే వీలో ఉండాలి. చూపులేని ఉద్యోగికి ఆ శబ్దం, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గొంతు మీద పడి దాన్ని మింగేస్తుంది. మేము పరిచిన పొర కంటికి కనపడదు గానీ, దాన్ని దాచడం మరిచిపోతే స్క్రీన్ రీడర్‌కు చక్కగా దొరుకుతుంది. పాఠం మధ్యలో ‘రెక్టాంగిల్ 1’ అని చదువుతుంది. వింటున్న మనిషి ఏమనుకోవాలి?

క్లిక్‌కు హద్దులే వద్దని కాదు నా వాదన. మంటలార్పే సిలిండర్ వీడియోలో ‘పిన్ను ఎక్కడుందో చూపించండి’ అని అడిగితే, పిన్ను మీద నొక్కితేనే ఒప్పు కావాలి, గోడ మీద నొక్కితే కాకూడదు. నొక్కాల్సిన ఆ చోటు, అంటే హాట్‌స్పాట్, పిన్ను కనిపిస్తున్నంతసేపే ఉండాలి, ఫోన్‌లో బొటనవేలికి అందేంత ఉండాలి. అది పాఠం కోసం గీసిన హద్దు. దాని కిందే ఆపుకునే బటన్, వెనక్కి తిప్పుకునే బార్ ఉంటే పిన్నుకేం నష్టం? చూశారో లేదో తేలాల్సింది ప్రశ్నలో. తేలికైన ప్రశ్న రాసి, ఆ లోటును తాళంతో పూడ్చుకోవడం మా బద్ధకం.

వదిన ఆ రాత్రి క్విజ్ కూడా రాసింది. బొటనవేలు ఎలా తోమాలన్న ప్రశ్న అందులో ఉంది. మొదటిసారి తప్పు, రెండోసారి తప్పు, మూడోసారి ఒప్పు. ఉన్నవే మూడు ఆప్షన్లు.