బడిలో మన పిల్లల్ని అడిగేవారెవరు?



గత జనరల్ బాడీ సమావేశంలో ఒక సభ్యుడు లేచి తన కొడుకు గురించి మాట్లాడబోయాడు. పిల్లవాడు ఏడో తరగతి. బడిలో ఎవరితోనూ మాట్లాడడు. ఒకరోజు పక్కవాణ్ణి కొట్టాడు. అప్పటినుంచి నెల రోజులుగా వెనుక బెంచీలో ఒంటరిగా కూర్చోబెడుతున్నారు. బోనస్ గురించి మాట్లాడే చోట ఇంటి సంగతులెందుకని మేమే ఆయనను కూర్చోబెట్టాం. తప్పు మాది. ఈ నాలుగు మాటలు అందుకే రాస్తున్నాం.

తర్వాత ఇంటికి వెళ్లి కనుక్కున్నాం. షోలాపూర్ బస్తీల్లో చాలామంది బతుకు ఎలా ఉందో వాళ్లదీ అంతే. గోడకు అవతల సాంచాలు, ఇవతల ఇల్లు. రాత్రి పాళీలో ఆ చప్పుడు ఆగదు. తల్లి బీడీలు చుడుతుంది. తండ్రి పగారులో సగం అడ్వాన్సు కింద సేటు పట్టుకుంటాడు. పిల్లవాడు రాత్రి పదకొండు దాకా కండెలు చుడతాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నిద్ర చాలక తరగతిలో తూలితే మొద్దు అన్నారు, ఆ పేరే స్థిరపడింది. అలా పిలిచినవాణ్ణే వాడు కొట్టాడు. బడిలో శిక్ష పడిందని తెలిసి తండ్రి ఇంకో నాలుగు తగిలించాడు. నీకేమైంది బాబూ అని మాత్రం ఎవరూ అడగలేదు. సాంచా మీద పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతుకుతాం గాని సాంచాను తన్నం కదా!

చట్టం లేక కాదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రతి ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్యంతో పాటు మనసు సంగతులు కూడా పిల్లలకు చెప్పించాలని కేంద్ర ప్రభుత్వం 2020లో కార్యక్రమం పెట్టింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి, టీచర్లకు ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మేము వెళ్లి అడిగిన రెండు బళ్లలో ఆ కౌన్సిలర్ మాటే ఎవరికీ తెలియదు.

పగారు పెరిగితే ఇవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని కొందరు మిత్రులంటున్నారు. అందులో నిజముంది. కౌన్సిలర్ వచ్చి అప్పు తీర్చడు. కాని పగారు ఒప్పందానికి మనకు ఏళ్లు పడుతున్నాయి, పిల్లవాడి ఏడో తరగతి అన్నాళ్లు ఆగదు. ఇంకొందరికి పిచ్చి ముద్ర పడుతుందని భయం. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడని మనం దీనికెందుకు సిగ్గుపడాలి?

ఏడాదికోసారి వచ్చి ఉపన్యాసం చెప్పి ఫొటో దిగి పోయే మనిషి మాకు అక్కర్లేదు. వారంలో కొన్ని రోజులైనా బడిలో కూర్చుని, తెలుగులో చెప్పినా అర్థం చేసుకునే మనిషి కావాలి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని ఆ విద్యాహక్కు చట్టమే చెబుతోంది. మనం వెళ్లడం లేదు, ఎందుకంటే సమావేశం పెట్టేది మన పాళీ వేళకే. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి పూట పోతే కూలీ పోతుంది. ఆ సమావేశాలు సెలవు రోజున పెట్టాలని బళ్లనూ, అది కుదరకపోతే ఆ పూట కూలి ఇవ్వాలని యజమానులనూ అడుగుతాం. అలాగే రాత్రిపూట పిల్లలచేత కండెలు చుట్టించడం మన ఇళ్లల్లో మనమే ఆపాలి. ఇది ఏ సేటు మీదా నెట్టలేం.

ఆ పిల్లవాడి తండ్రితో కలిసి మేము బడికి వెళ్లాం. టీచరు బాయి ఓపికగా విన్నారు, వాణ్ణి ముందు బెంచీకి మార్చారు. మాట ఇంకా పూర్తిగా రాలేదు, బడికి మాత్రం వెళుతున్నాడు.

ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు యూనియన్ ఆఫీసులో చెప్పండి, పేరు బయటికి రాదు. ఆలోగా అవసరం పడితే 14416కు ఫోన్ చేయండి. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది. డబ్బులు పడవు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు.