దూరగ్రహముల మేఘములు

పాఠశాలకు వచ్చిన యొక తండ్రి, నల్లబల్లపై నేను గీసిన గ్రహముల చిత్రమును చూచి, "అయ్యవారూ, మన పెనుకొండ మీది మబ్బు కురుస్తుందో లేదో చెప్పలేరు గానీ, ఎక్కడి లోకంలోనో మబ్బులు లెక్కబెడతారా?" అని నవ్వెను. ఆయన సేద్యము చేయువాడు. అది వట్టి పరిహాసము కాదు. వర్షచ్ఛాయలో నున్న మన సీమలో మేఘము కనబడుట వేఱు, వాన పడుట వేఱు. ఈ భేదమును హిందూపురపు బాలుడు ఏ గ్రంథమును చదువకయే యెఱుగును. దూరగ్రహముల శాస్త్రమునకు మొదట కావలసిన వివేకము ఇదియే యని నా యభిప్రాయము.

గ్రహము తన నక్షత్రమునకు అడ్డముగా పోవునప్పుడు, ఆ కాంతిలో కొంత గ్రహము యొక్క వాయుమండలము గుండ మనకు చేరును. ప్రతి వాయువును తనకు తగిన వర్ణములను మ్రింగివేయును. శాస్త్రజ్ఞులు కంప్యూటరునందొక ఊహావాయుమండలమును కల్పించి, ఇంత వేడిమి, ఇంత మీథేను, ఇంత యెత్తున మేఘము అని వేలకొలది విధముల మార్చి, ఏది దూరదర్శిని కొలతలకు సరిపోవునో చూతురు. ఇట్టి కల్పనను మాదిరి యందురు. చిక్కంతయు మేఘమువల్లనే. అది యెత్తున నున్నచో క్రింది వాయువుల గుర్తులను కప్పివేయును. జి.జె. 1214 బి యను గ్రహమును హబుల్ దూరదర్శినితో 15 పర్యాయములు చూచి 2014లో ప్రకటించిన ఫలితము చదునైన గీత! ఎత్తైన మేఘములో, పొగమంచో కప్పియున్నవని తేల్చిరి. గుర్తులు కనబడలేదని దాచక ప్రకటించుట నాకు మిక్కిలి నచ్చినది.

ఇక కె2-18 బి. ఇది 124 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. మన దేశమున జన్మించి, కాశీలో చదివి, కేంబ్రిడ్జిలో ఆచార్యులైన నిక్కు మధుసూదన్ గారి బృందము 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని సాయమున అచ్చట మీథేను, కార్బన్ డయాక్సైడులను కనుగొనెను. 2025 ఏప్రిలులో, మన సముద్రములలోని సూక్ష్మజీవులు పుట్టించు డైమిథైల్ సల్ఫైడు వంటి వాయువు గుర్తు కూడ కనబడెనని వ్రాసిరి. జీవము దొరికినదన్నట్లు కొన్ని పత్రికలు ఘోషించినవి. ఆ బృందమే మఱిన్ని కొలతలు కావలెననెను. అవే కొలతలను వేఱు మాదిరులతో పరిశీలించిన యితరులు ఆ గుర్తు దృఢము కాదనిరి.

మనవాడు గావున నమ్మవలెనని కొందఱు, దైవసృష్టికి విరుద్ధము గావున వినరాదని కొందఱు. ఈ రెండును నాకు సమ్మతములు కావు. యోబు గ్రంథమున దేవుడే మేఘములను గూర్చి మనుష్యుని ప్రశ్నించును. ప్రశ్నకు భయపడు భక్తి మనకేల? మన పరీక్షలలో ఏమి తెలిసినదనుటకే కాక, ఎట్లు తెలిసినది, ఎంతవరకు తెలిసినది అనుటకును మార్కులుండవలెను. ఈ సంవత్సరము నా తరగతికి అట్టి ప్రశ్న నొకదాని నిచ్చితిని. ఎక్కువమంది దానిని వదలివేసిరి.