క్యూ ఉంది... లెక్కేదీ?

ఆరోగ్యం మీద తాము పెట్టినంత ఖర్చు ఇంకెవరూ పెట్టలేదని అధికార పక్షం అంటుంది. ఆసుపత్రుల్ని గాలికొదిలేశారని ప్రతిపక్షం అంటుంది. ఎన్నికలయ్యాక కుర్చీలు మారతాయి. కుర్చీలతోపాటు మాటలూ మారతాయి. నిన్న వీళ్లన్నది నేడు వాళ్లంటారు. మారనిది ఒక్కటే... పెద్దాసుపత్రి ఓపీ కిటికీ ముందు వరస!

బళ్లారి వాళ్లకు ఈ ఆట కొత్తేమీ కాదు. 2022 సెప్టెంబరులో విమ్స్ ఐసీయూలో కరెంటు పోయి రోగులు మరణించారన్న ఆరోపణ వచ్చినప్పుడు రాష్ట్రంలో బీజేపీ ప్రభుత్వం ఉంది. కాంగ్రెస్ నిలదీసింది. 2024 నవంబరులో జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ చేయించుకున్న బాలింతలు వరసగా చనిపోయినప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది. ఈసారి నిలదీయడం బీజేపీ వంతయింది. సెలైన్ మీద అనుమానం వస్తే రాష్ట్రం కేంద్ర ల్యాబు వైపు వేలు చూపింది. తప్పు మీదంటే మీదని కొన్నాళ్లు నడిచింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా?

ఇలాంటి ఘోరాలు జరిగితే కనీసం పేపర్లకెక్కుతాయి, విచారణలు జరుగుతాయి. ఎదురుచూపు సంగతి అట్లా కాదు. స్కానింగుకు డేటు దొరక్క, ఆపరేషనుకు మంచం దొరక్క "వచ్చే వారం రా" అనిపించుకుని తిరిగి తిరిగి, చివరికి పొలమో పుస్తెలో తాకట్టు పెట్టి ప్రైవేటుకు పోయినోళ్ల లెక్క ఏ శాఖ దగ్గరుంది? ఇంటికే పోయి మంచాన పడ్డవాళ్ల పేరు ఏ రిజిస్టరులో ఉంది? ఎక్కడా లేదు. అందుకే అసెంబ్లీలో దాని మీద చర్చా లేదు.

ఖర్చు లెక్క మాత్రం అందరి నోటా వింటాం. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం జీడీపీలో రెండున్నర శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో అది 1.84 శాతం. 2013-14లో 1.15 శాతమే కదా, పెరిగింది కదా అని పాలకులు అంటారు. నిజమే, పెరిగింది. మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పోయే వాటా అదే కాలంలో 64 శాతం నుంచి 39 శాతానికి తగ్గిందని కూడా ఆ లెక్కలే చెబుతున్నాయి. మంచిదే. కానీ వంద రూపాయల్లో 39 రూపాయలు ఇంకా రోగి ఇంటివాళ్లే పెట్టుకుంటున్నారంటే అదేమన్నా చిన్న మాటా?

ఇక రెండో తగాదా కార్డుదా, ఆసుపత్రిదా అని. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ తెచ్చినప్పటి నుంచి దక్షిణాదిలో ఇది తెగని పంచాయితీ. ప్రైవేటు ఆసుపత్రి తలుపు పేదవాడికి తెరుచుకుంది కదా అని ఒకరు. ఆ సొమ్ముతో సర్కారు ఆసుపత్రినే బాగుచేయొచ్చు కదా అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. గుండె ఆపరేషను చేయించుకుని లేచి తిరుగుతున్న మనిషి ముందు కార్డు దండగ అనగలమా? అనలేం. అయితే 2025లో బకాయిలు రాలేదంటూ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవను, తెలంగాణలో ఆరోగ్యశ్రీని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆపేసినప్పుడు ఏమైంది? కార్డు జేబులోనే ఉంది, దిక్కు మాత్రం మళ్లీ సర్కారు ఆసుపత్రే అయింది.

మన కర్ణాటకలో 2018లో వచ్చిన పథకంలో ఇంకో మెలిక ఉంది. అత్యవసర చికిత్సలు పక్కనపెడితే, ముందు సర్కారు ఆసుపత్రికి పోవాలి. అక్కడ వీలుకాదని వాళ్లు రెఫరల్ చీటీ రాసిస్తేనే ప్రైవేటుకు దారి. సర్కారు ఆసుపత్రిని ఖాళీ పెట్టకూడదన్న ఆలోచన సబబే. కానీ ఎన్నాళ్లు ఆగితే "వీలుకాదు" అన్నట్టు? వారమా, నెలా, ఆరు నెలలా? రోగికి తెలియాల్సిన మొదటి సంగతే అది!

వరస పెద్దాసుపత్రిలో కనబడుతుంది గానీ పుట్టేది అక్కడ కాదు. తాలూకా ఆసుపత్రిలో సర్జన్ ఉండి మత్తు డాక్టరు లేకపోతే అక్కడ కత్తి పట్టేదెట్లా? కేసును బళ్లారికి పంపుతారు. బళ్లారిలో కాకపోతే బెంగళూరు, అంటే మూడు వందల కిలోమీటర్లు. ఒక్క పోస్టు ఖాళీగా ఉంటే ఎక్కడో ఉన్న వరస వంద మంది పొడవు పెరుగుతుంది. అయినా మన నాయకులు కొత్త భవనానికి కొబ్బరికాయ కొట్టినంత ఉషారుగా పాత భవనంలో ఖాళీ పోస్టు నింపరు. పోస్టుకు శిలాఫలకం ఉండదు మరి!

ఇంగ్లండులో చూడండి. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స కోసం ఎదురుచూసే కేసులెన్నో ప్రతి నెలా ప్రకటిస్తారు. 2023లో ఆ జాబితా దాదాపు 77 లక్షలకు చేరింది. నూటికి 92 కేసుల్లో 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది వాళ్ల నియమం. ఆ నియమం ఏళ్ల తరబడి నెరవేరడం లేదు. అంటే లెక్క రాస్తే జబ్బు నయమవుతుందని కాదు. కానీ అక్కడ ఏ పార్టీ అయినా ఆ అంకె ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సిందే. ఇక్కడ అంకె లేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవచ్చు.

దీనికి విలాయతు దాకా పోనక్కర్లేదు కూడా. మన దగ్గర సకాల ఉంది. 2011 చట్టం ప్రకారం కుల ధ్రువపత్రానికి, ఇంకా ఎన్నో సేవలకు గడువులు పెట్టారు. అర్జీ ఇస్తే నంబరు వస్తుంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం అడిగే హక్కుంది. కాగితానికి గడువు పెట్టగలిగిన రాష్ట్రం, కంటి పొరల ఆపరేషనుకు, ఎమ్మారై స్కానుకు ఎందుకు పెట్టలేదు? కాగితం కన్నా మనిషి చవకా?

డాక్టర్లే లేనప్పుడు జాబితా రాసి ఏం లాభం అనేవాళ్లుంటారు. ఏ విభాగంలో ఎంతమంది ఎన్నాళ్లుగా ఆగారో రాస్తేనే కదా, ఏ డాక్టరు లేడో బయటపడేది! కల్యాణ కర్ణాటక మండలికి 2024-25లో 5 వేల కోట్లు కేటాయించారు. అందులో ఆసుపత్రులకు ఎంత, ఎక్కడ అని అడగడానికి మన చేతిలో ఆధారం ఉండొద్దా? పేర్లు వద్దు, అంకెలు చాలు. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. వరస తగ్గినట్టు చూపడానికి పేర్లు కొట్టేస్తే కుదరదు. ఎంతమందికి చికిత్స అందింది, ఎంతమంది విసిగి వెళ్లిపోయారు అన్నది విడివిడిగా రాయాలి.

సరిహద్దు వాళ్లకు ఇది మరీ అవసరం. 1953లో బళ్లారిని మైసూరులో కలిపారు, గీత గీశారు. రోగం గీత చూసి ఆగుతుందా? రాయదుర్గం, గుంతకల్లు, ఆలూరు వాళ్లకు దగ్గరి పెద్దాసుపత్రి ఇప్పటికీ బళ్లారే. 2019 నవంబరులో ఆంధ్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీని హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాలకు విస్తరించింది. మంచి పనే. కానీ పక్కనున్న ఊరు వదిలి మహానగరానికి పోవడం ఎందరి వల్ల అవుతుంది? పక్క రాష్ట్రం వాళ్ల వల్లే రద్దీ అని ఇక్కడివాళ్లు, సరిగా చూడరని అక్కడివాళ్లు గొణుక్కునే బదులు, వరసలో ఎవరు ఎక్కడివారో లెక్క తీస్తే రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఖర్చు పంచుకోవచ్చు.

రేపు ఓట్లడగడానికి వచ్చేవాళ్లను లక్షల కార్డు గురించి అడగొద్దు. అది వాళ్లే చెబుతారు. మనం అడగాల్సింది ఒక్కటే. ఆసుపత్రి గోడ మీద ఒక బోర్డు పెట్టి, ఏ ఆపరేషనుకు ఎన్ని రోజులు ఆగాలో నెలనెలా రాయిస్తారా, రాయించరా? రాయిస్తామన్నవాళ్లతో తక్కిన సంగతులు మాట్లాడదాం.