ఆంటెన్నా శ్రేణికి ఏ జనకం?

ఇంజనీరింగు విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలో ఇప్పుడు ఆంటెన్నా శ్రేణుల చిత్రాలు విరివిగా కనిపిస్తున్నవి. కంప్యూటరు గీసిన ఆ వికిరణ రేఖలు కన్నులకు ఇంపుగానే ఉంటాయి. కాని శ్రేణిలోని ఒక్కొక్క ఆంటెన్నాను ఏ జనకంతో ఉత్తేజపరచినారో తెలిపే వాక్యం మాత్రం తరచు కానరాదు. వోల్టేజి జనకమా, ప్రవాహ జనకమా? ఇది చిన్న ప్రశ్న అని కొందరి తలంపు. నేను అంగీకరించను.

ఆంటెన్నా నుండి వెలువడే క్షేత్రాన్ని నిర్ణయించేది దానిలోని విద్యుత్ ప్రవాహమే గాని, దాని మొదట మనం ఉంచిన వోల్టేజి కాదు. ఆంటెన్నా ఏకాకిగా ఉన్నంతవరకు ఈ భేదం మనలను బాధించదు. పక్కన రెండవది నిలువగానే, ఒకదాని ప్రవాహం మరొకదానిలో వోల్టేజిని ప్రేరేపిస్తుంది. అప్పుడు సమాన వోల్టేజి అంటే సమాన ప్రవాహం అనుకొనుటకు వీలులేదు.

పాఠ్యగ్రంథాలలోని ఉదాహరణనే తీసుకొందాము. పాతిక తరంగదైర్ఘ్యం ఎత్తుగల రెండు స్తంభాలు ఆదర్శ భూతలంపై పాతిక తరంగదైర్ఘ్యం ఎడంతో ఉన్నవి. ప్రవాహాలు సమానమై, దశాభేదం 90 డిగ్రీలైతే వికిరణం ఒక దిక్కుకు మొగ్గి, వెనుక దిక్కున శూన్యమవుతుంది. విద్యార్థి ఈ ఫలితాన్ని ఆశించి, రెండు స్తంభాలకూ సమాన వోల్టేజిని 90 డిగ్రీల భేదంతో ఇచ్చినాడనుకొనుడు. లెక్క వేసి చూడగా ఒక స్తంభంలో రెండవదానికన్న దాదాపు మూడు రెట్లు ప్రవాహం ఏర్పడుతున్నది. దశాభేదం 125 డిగ్రీలు దాటుతున్నది. వెనుక శూన్యం మాయమై, ముందు వెనుకల భేదం సుమారు 4.5 డెసిబెల్‌లకు దిగజారుతుంది. సాఫ్ట్‌వేరు అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నకే జవాబిచ్చినది.

అట్లయిన అంతటా ప్రవాహ జనకాన్నే వాడితే సరిపోదా? ఇక్కడ మరొక భ్రమ పొంచి ఉన్నది. ప్రవాహ జనకం మనం కోరిన చిత్రాన్ని తప్పక గీసి ఇస్తుంది; దానిని నిజంగా సాధించే మార్గం మాత్రం చెప్పదు. పై ఉదాహరణలోనే, ప్రవాహాలు సరిగా ఉన్నప్పుడు ఒక స్తంభం నిరోధం దాదాపు 22 ఓములు, రెండవదానిది దాదాపు 51 ఓములు. ఇంత భిన్నమైన అవరోధాలకు కేబులు పొడవు 90 డిగ్రీలు పెంచినంత మాత్రాన ప్రవాహం 90 డిగ్రీలు వెనుకబడదు. పాతిక తరంగదైర్ఘ్యపు కేబులు ఇక్కడ ఆదుకొంటుంది. 50 ఓముల కేబులు మొదట 100 వోల్టులుంటే, నష్టాలు లేవనుకొన్నచో, చివర ఏ అవరోధమున్నను 2 ఆంపియర్లు ప్రవహించును. ప్రవాహ జనకాన్ని వాస్తవంలోనికి తెచ్చే ఇట్టి ఏర్పాటును చూపని నివేదిక సగమే పూర్తి అయినట్లు.

కావున నా అభిప్రాయంలో క్రమమిది: ముందు ప్రవాహ జనకాలతో కోరిన చిత్రాన్ని పొంది, ప్రతి ద్వారం వద్ద అవరోధాన్ని గుర్తించాలి. తరువాత కేబుళ్ళతో సహా మొత్తం పోషక వ్యవస్థను నమూనాలో చేర్చి, అసలు ట్రాన్స్‌మిటరు ఉండే ఒక్క చోటనే జనకాన్ని ఉంచి తిరిగి లెక్కించాలి. రెండు చిత్రాలూ కలిస్తేనే సంతృప్తి చెందాలి. 1981లో అమెరికాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాల వెలువరించిన నెక్-2లో నేరుగా ప్రవాహ జనకం లేదు. దూరాన ఒక చిన్న తీగను కల్పించి, నెట్‌వర్కు ద్వారా దానిని సాధించవలసి ఉంటుంది. రాయ్ లెవాలెన్ రూపొందించిన ఈజీనెక్‌లో రెండు జనకాలూ లభిస్తాయి. శ్రమ స్వల్పమే.

ఇది పుస్తకాల గొడవ అనుకొనేవారికి ఒక మాట. తిరుపతి సమీపాన గాదంకిలో 53 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే ఎం.ఎస్.టి. రాడార్‌లో 1,024 యాగీ ఆంటెన్నాలున్నవి. అట్టి శ్రేణిలో కిరణాన్ని పక్కకు తిప్పినప్పుడల్లా దశలు మారి, ప్రతి ఆంటెన్నాకు కనిపించే అవరోధం కూడా మారుతుంది. ఆ రంగంలో ఉద్యోగం కోరే మన విద్యార్థి ఈ విషయం ఎరుగకపోతే ఎట్లు?

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం: నివేదిక మొదటి పుటలోనే జనకం రకం, ప్రతి ఆంటెన్నాలోని ప్రవాహం, దశ పట్టిక రూపంలో ఉండాలని నియమం చేయండి. అందమైన చిత్రానికి కాక ఈ పట్టికకు మార్కులు కేటాయించండి. ఫెర్రైటు వలయానికి తీగచుట్టి ప్రవాహాన్ని పోల్చి చూసే చిన్న పరికరాలను ప్రయోగశాలలోనే తయారు చేయించవచ్చు. దానికి పెద్ద నిధులు అక్కరలేదు.