హార్డ్ డిస్క్ నంబరుకి తాళం వేస్తే..

మొన్న శనివారం పొద్దున్నే ఫోను. నేను రాసిన బిల్లింగ్ ప్రోగ్రాం వాడే మందుల షాపాయన. "బాబూ, హార్డ్ డిస్క్ పోతే కొత్తది వేయించాం. బ్యాకప్ నుంచి డేటా అంతా వచ్చింది గానీ, మీ ప్రోగ్రామే లైసెన్సు చెల్లదంటోంది. కౌంటర్ దగ్గర జనం నిలబడున్నారు" అన్నారు.

తప్పు నాదే. లైసెన్సుని డిస్క్ సీరియల్ నంబరుకి ముడిపెట్టింది నేనే.

విండోస్ లో ఆ నంబరు తెచ్చుకోవడం చాలా తేలిక. విన్32_డిస్క్‌డ్రైవ్ అనే డబ్ల్యూఎంఐ క్లాసుని అడిగితే మోడల్, సైజు, సీరియల్ నంబర్ వరసగా చెప్పేస్తుంది. దాన్ని నమ్ముకోవడంతోనే వస్తుంది చిక్కు. గెట్‌వాల్యూమ్‌ఇన్ఫర్మేషన్ ఇచ్చేదైతే అసలు డిస్క్ నంబరే కాదు, ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ వేసేది. మళ్ళీ ఫార్మాట్ చేస్తే మారిపోతుంది. సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళ వాల్యూమ్‌ఐడీతో ఎవరైనా మార్చుకోవచ్చు కూడా. పోనీ అసలు సీరియలే తీసుకుందామంటే, యూఎస్‌బీ కేసులో పెట్టిన డిస్కుకి ఒక్కోసారి ఆ కేసులోని చిప్పు తన నంబరు చెబుతుంది. వర్చువల్ మెషీన్ లో అయితే సెట్టింగుల్లో మనం రాసిందే నంబరు!

అంటే తెలివైన దొంగకి ఇదేం అడ్డం కాదు. ఇబ్బందంతా డబ్బు కట్టి కొనుక్కున్నవాడికే. అదీ డిస్క్ పోయి తల పట్టుకున్న రోజునే.

"మరి కాపీలు కొట్టేస్తే?" అన్నాడు మా టీం లీడ్. న్యాయమైన ప్రశ్నే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ యాక్టివేషన్ పది రకాల భాగాలు చూసేది, ఒకటీ అరా మారితే పట్టించుకునేది కాదు. మనమూ నాలుగైదు గుర్తులు పెట్టుకుని, ఒకటి మారితే ఊరుకోవచ్చు. ఎక్కువ మారితే ఓ 30 రోజులు గడువివ్వచ్చు. ఎట్టి పరిస్థితుల్లోనూ బిల్లు మాత్రం ఆగకూడదు.

ఇంకో సంగతి. అదే డబ్ల్యూఎంఐలో, అడ్మిన్ హక్కులుంటే, ఎంఎస్‌స్టోరేజ్‌డ్రైవర్_ఫెయిల్యూర్‌ప్రెడిక్ట్‌స్టేటస్ అనే క్లాసు ఉంది. డిస్క్ పోయేలా ఉందేమో స్మార్ట్ చెప్పే జోస్యం అందులో దొరుకుతుంది. ప్రతిసారీ ముందే పట్టుకోలేదు గానీ, పట్టుకున్న రోజు "బ్యాకప్ తీసుకోండి" అని ఒక్క మెసేజ్ చూపిస్తే చాలు. షాపాయన డిస్కుని రోజూ నీ నంబరెంత అని అడిగాను తప్ప, నీ ఒంట్లో ఎలా ఉంది అని ఒక్కసారీ అడగలేదు.

ఈసారి వెర్షన్లో ఆ తాళం తీసేస్తున్నా. మీ ప్రోగ్రాముల్లో ఇలాంటి తాళాలున్నాయా? ఉంచాలంటారా, తీసేయాలంటారా?